హాఫ్ ఇంచి స్పానరు

"కోత పండక్కి మన కారు ఇచ్చేస్తున్నానని చర్చి కమిటీలో చెప్పేశాను," అన్నాడు సుందరరాజు, పేపరు మడిచి పక్కన పెడుతూ. "ఇదిగో, ఈ బదిలీ ఫారం మీద ఒక్క సంతకం పెట్టు."

హెప్సిబా పెరటి గుమ్మంలో పీట వేసుకుని రొయ్యలు ఒలుస్తోంది. మోచేతుల దాకా నీచు. ఫారం వంక చూసింది, తన చేతుల వంక చూసుకుంది.

"చెయ్యి ఖాళీగా లేదండీ."

ఆయన ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి ఆనించి, పైన యాపిల్ బొమ్మ అయస్కాంతం అంటించి, "మర్చిపోకు," అని స్కూటరు తుడుచుకోవడానికి వెళ్ళిపోయాడు. బ్యాంకు మేనేజరుగా రిటైరైన దగ్గర్నుంచి ఆయనకి పొద్దుటి పూట అదే పని. పసుపుపచ్చ గుడ్డతో ఆ స్కూటరుని పసిపిల్ల ఒళ్ళు తుడిచినట్టు తుడుస్తాడు.

రొయ్యలు అమ్మిన వీరదుర్గ ఇంకా మెట్టు మీదే కూర్చుని టీ ఊదుకుంటోంది. గిలకలదిండి నుంచి ఆమె రోజూ తట్ట ఎత్తుకొచ్చే ఇళ్ళలో ఇదే ఆఖరిది. కాసేపు కాళ్ళు చాపుకోనిచ్చే ఇల్లు కూడా ఇదే.

"ఏ కారక్కా? మీ కోడి గుడ్లు పెట్టే కారేనా?"

"అదే."

"అది మీ నాయనగారిది కదా."

హెప్సిబా రొయ్య తల తుంచి పక్కన పడేసింది.

ఈ ఇంట్లో స్కూటరు "నా స్కూటరు". పడక్కుర్చీ "నా కుర్చీ". నీళ్ళు నిలిచిపోయినప్పుడు మాత్రం తూము "నీ వంటింటి తూము". తండ్రి పోయాక పక్కనున్న గూడూరు నుంచి తాడు కట్టి లాక్కొచ్చిన తెల్ల అంబాసిడర్, అన్నదమ్ములెవరికీ అక్కర్లేక ఆమె పేరు మీదికి వచ్చిన అంబాసిడర్, తొమ్మిదేళ్ళ పాటు "మీ నాన్న డబ్బా". ఈ పొద్దున్న అది "మన కారు" అయింది. ఇవ్వాల్సి వచ్చేసరికి వస్తువు ఎంత తొందరగా ఉమ్మడిది అవుతుందో అనుకుని హెప్సిబా తనలో తనే నవ్వుకుంది. కోపం వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. ఈ ఇంట్లో మాట ఇవ్వడం ఆయన పని, ఆ మాట చెల్లించడం ఆమె పని. నిరుడు ఇదే పండక్కి ఆయన "మా ఇంటి నుంచి మూడు వందల బూరెలు" అని నిలబడి చెప్పాడు. చెప్పడానికి పట్టింది అర నిమిషం. పూర్ణం ఉడికించి, ఉండలు చుట్టి, వేయించడానికి పట్టింది రెండు రోజులు. చివర్లో "సుందరరాజు గారికి వందనాలు" అని అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడా కొట్టింది. చేతులకి ఇంకా నూనె వాసన పోలేదు.

స్కూటరు దగ్గర్నుంచి ఆయన మళ్ళీ కేకేశాడు. "ఇచ్చేటప్పుడు మనసుకి కొంచెం నొప్పెట్టాలి హెప్సీ. నొప్పి లేనిది కానుక కాదు."

ఎవరి మనసుకి అని అడుగుదామనుకుంది. దాని బదులు, "కదలని బండి ఎలా ఇస్తారండీ? కానుక మన చేత్తోనే తీసుకెళ్ళాలి కదా," అంది.

అది వాళ్ళ చర్చిలో పాత కట్టుబాటు. ఎప్పుడో తాతల నాడు ఒకాయన భక్తి ఎక్కువై పక్కింటివాళ్ళ మేకపోతుని తెచ్చి కానుకగా కట్టేశాడట. కానుకల వేలం పాట సగంలో ఉండగా అసలు మనిషి వచ్చి తాడు విప్పుకుని పోయాడు. ఆ ఏడాది నుంచి ఎవరి కానుక వాళ్ళే తేవాలి. దాని మీద చెయ్యి వేసి, సంఘం ముందు "ఇది నాది, ప్రభువుకి ఇస్తున్నాను," అని చెప్పాలి. గుమ్మడికాయకైనా అంతే, కోడిపుంజుకైనా అంతే.

"గుడివాడ నుంచి ఆ పిచ్చేశ్వరరావుని పిలిపించు. మూడు వారాలుంది. నువ్వు చూసుకుంటావులే," అన్నాడు సుందరరాజు.

*

పిచ్చేశ్వరరావు వచ్చాడు. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. హెప్సిబా తండ్రి ఇస్సాకు మాస్టారి బండి కొత్తగా వచ్చినప్పటి నుంచీ దాని రోగాలన్నీ ఎరిగినవాడు. పైనున్న కొబ్బరి మట్టలు తీయించి, కోడిని అదిలించి, బానెట్ ఎత్తి చాలాసేపు తల ఊపాడు.

"ఉప్పుగాలి అమ్మాయిగారూ. కార్బురేటరు లోపల గడ్డకట్టుకుపోయింది. ఈ ఇంటేక్ మానిఫోల్డు చూడండి, ఇక్కణ్ణుంచి ఇక్కడికి పగులు. రెండూ మార్చాల్సిందే. మిగతాది గట్టి బండి."

కార్బురేటరులో కలిసిన గాలినీ పెట్రోలునీ నాలుగు సిలిండర్లకీ పంచే గొట్టం మానిఫోల్డు. కాలవ నీళ్ళని మళ్ళకి పంచే బోదె లాంటిది. ఆ మాట నాన్న చెప్పాడు, ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు. గూడూరు హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి, ప్రతి శనివారం లుంగీ ఎగగట్టుకుని బానెట్ కింద తల దూర్చేవాడు. పక్కన పనిముట్ల సంచీ పట్టుకుని హెప్సిబా. ఆయన చెయ్యి వెనక్కి చాపితే చాలు, ఏ స్పానరు కావాలో ఆమెకి తెలిసిపోయేది. "నా కూతురు డాక్టరుకి నర్సు లాగ అందిస్తుందండీ," అని వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకునేవాడు. పంతొమ్మిదో ఏట కాలవ గట్టు మీద డ్రైవింగ్ నేర్పింది ఆయనే, లైసెన్స్ ఇప్పించిందీ ఆయనే. కానీ ఒక్క నట్టు కూడా ఆమె చేత బిగించనివ్వలేదు. "బిగించడానికి మగాడి మణికట్టుండాలి తల్లీ. నువ్వు అందించు." చివరి బిగింపుకి గుడివాడ నుంచి పిచ్చేశ్వరరావు రావాల్సిందే. నాన్న మీద ఆమెకున్న ప్రేమలో ఆ ఒక్క నట్టూ ఎక్కడో వదులుగా ఉండిపోయింది. తప్పు పట్టడానికి మనసొప్పదు. మర్చిపోవడానికీ ఒప్పదు.

పెళ్ళయ్యాక అందించడం ఉద్యోగం కూడా అయింది. బందరులో జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్. ఇరవై నాలుగేళ్ళుగా ల్యాబ్ అసిస్టెంట్. స్క్రూ గేజీలు తుడిచి, వెర్నియర్ కాలిపర్లు బల్లల మీద వరసగా పెట్టి, లెక్చరరు చెయ్యి చాపితే అందించి, గంట కొట్టాక లెక్కపెట్టి బీరువాలో దాచడం. ఒకసారి ఒక లెక్చరరు స్క్రూ గేజిలో సున్నా దోషం చూసుకోకుండా పిల్లలకి రీడింగ్ చెప్తుంటే, మెల్లగా వెళ్ళి చెవిలో చెప్పింది. "మీరు తుడిచి పెట్టండమ్మా, చాలు," అన్నాడు. పాపం చెడ్డవాడేం కాదు. ఆ సాయంత్రం మంచి గేజి ఏదో అడిగి పట్టుకెళ్ళాడు.

ఇక అత్తగారు అవనిగడ్డ మనిషి. కొత్త కోడలు కారు తోలగలదని తెలిసి, "మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు వెనక సీట్లో కూర్చుంటారమ్మా, తోలేవాళ్ళు తోలతారు," అని నవ్వుతూనే అంది. ఆ నవ్వుకి ముప్పై ఏళ్ళు. లైసెన్స్ మాత్రం గడువు తీరినప్పుడల్లా సుందరరాజే దగ్గరుండి రెన్యువల్ చేయించాడు. గుర్తింపు కార్డుగా పనికొస్తుందని.

*

రెండో శనివారం పిచ్చేశ్వరరావు సామాను తెచ్చాడు. కార్బురేటరు కొత్తది. మానిఫోల్డు మాత్రం విజయవాడలో పాత సామాన్ల కొట్టులో వెతికి పట్టుకున్నది, ఇదే రకం ఇంజనుదే కానీ వేరే ఏడాది బండిది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని రెండూ బిగించాడు. హెప్సిబా పక్కన నిలబడి అన్నీ అందించింది. చెయ్యి చాపకముందే అందించింది. ముసలాయన ముచ్చటపడ్డాడు. "మాస్టారి చెయ్యే మీది."

ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. పెరట్లో కోళ్ళన్నీ గోడెక్కాయి. కానీ ఆ ఆనందం రెండు నిమిషాలే. ఇంజను ఉన్నట్టుండి గొంతు చించుకుని అరవడం, ఆ వెంటనే నీరసపడి ఆగిపోవడం. పిచ్చేశ్వరరావు కార్బురేటరు మర అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పొద్దుగూకే దాకా తిప్పి నడుం పట్టుకుని లేచాడు.

"కార్బురేటరే మంచిది కాదమ్మాయిగారూ. ఇంకోటి తెప్పించాలి. పది రోజులు పడుతుంది. రేపు మా మనవరాలి పెళ్ళి మాటలు, నేను బంటుమిల్లి వెళ్ళాలి. సంచీ ఇక్కడే ఉంచుతాను."

పండక్కి ఎనిమిది రోజులుంది. సుందరరాజుకి అదేం పెద్ద సమస్యగా తోచలేదు. "నలుగురు కుర్రాళ్ళు తోస్తే చర్చి దాకా పోదా? నేను ముందు చెయ్యి వేసి నడుస్తాను. కొన్నవాడు బాగుచేయించుకుంటాడు." అని అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు.

అంటే ఇక ఆమె చెయ్యాల్సిందేమీ లేదు. సంతకం ఒక్కటే మిగిలింది. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా ఆ ఫారం రెపరెపలాడుతోంది. అది సరేలే అనిపించింది గానీ, ఇంకొకటి ఆమెని వదల్లేదు. ఇంజను అరుపు కింద సన్నగా ఒక బుస వినిపించింది. పిచ్చేశ్వరరావుకి ఈ మధ్య చెవులు తగ్గాయి, విని ఉండడు. ఆమెకి ఆ బుస తెలుసు. వాషరు సాగిపోయిన కుక్కరు అలాగే బుసకొడుతుంది. ఏ పక్కనుంచి పోతోందో చూడకుండానే చెప్పగలదు. తేడా ఒక్కటే, కుక్కరులో ఆవిరి బయటికి పోతుంది, ఇక్కడ గాలి లోపలికి దూరుతోంది. కార్బురేటరు తప్పు కాదు. పాపం దాన్ని ఊరికే నిందిస్తున్నారు.

సోమవారం కాలేజీ నుంచి రాగానే, చీర కొంగు బొడ్లో గట్టిగా దోపి, బానెట్ ఎత్తింది. పాత గ్యాస్ స్టవ్ రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుంది. ఇంజను స్టార్టు చేసి, రెండో కొసని మానిఫోల్డు అతుకుల వెంట నెమ్మదిగా నడిపింది. మొదటి నట్టు దగ్గర నిశ్శబ్దం. రెండో నట్టు దగ్గర బుస్సుమంది. మూడో దగ్గర ఇంకా గట్టిగా. ఇంజను ఆపేసి, అది చల్లారే దాకా అన్నం వార్చి, కూర తాలింపు వేసి మళ్ళీ వచ్చింది.

సంచీలో చెయ్యి పెట్టకుండానే తెలుసు. హాఫ్ ఇంచి స్పానరు. తీసి అలవాటు కొద్దీ చాపింది. అందుకోవడానికి ఎదురుగా ఎవరూ లేరు.

నట్టుకి తగిలించి మణికట్టుతో తిప్పింది. కదల్లేదు. నాన్న మాట నిజమే కాబోలనుకుంటూ స్పానరు చివరికంటా పట్టుకుని, ఒంటి బరువు కొంచెం దాని మీదికి వదిలింది. కిర్రుమని తిరిగింది. హెప్సిబా అలాగే నిలబడిపోయింది. ఇందులో మణికట్టేమీ లేదు. బలం కాదు కావలసింది, దూరం. మొదటి సంవత్సరం పిల్లలకి ఏటా చేయించే ప్రయోగమే ఇది. ఇరవై నాలుగేళ్ళుగా ఆ స్కేలూ, ఆ బరువులూ తనే అందిస్తోంది. నాన్నా, లెక్కల మాస్టారువి నువ్వు, నీకు తెలియదా అని గట్టిగా నవ్వేసింది.

నట్టు తీస్తే విషయం బయటపడింది. ఒక్కో నట్టు కింద పెద్ద వాషరు ఒకటే. అది రెండు అంచుల్ని కలిపి నొక్కాలి. సగం కింద కొత్తగా వచ్చిన ఇంటేక్ మానిఫోల్డు అంచు, మిగతా సగం కింద పొగగొట్టానికి వెళ్ళే పాత మానిఫోల్డు అంచు. పాతది మందం, వచ్చింది పల్చన. ఎత్తు తేడా ఉన్న రెండు గిన్నెల మీద ఒకే మూత పెట్టినట్టుంది వ్యవహారం. మందపు దాన్ని వాషరు గట్టిగానే నొక్కుతోంది. పల్చని దాన్ని తాకనైనా తాకడం లేదు. ఎంత బిగించినా మందపుదానికే.

"నీ పేరు కూడా హెప్సిబాయేనా?" అని ఆ పల్చని అంచుని అడిగింది.

మర్నాడు ల్యాబ్ రిజిస్టర్లో, తీసుకున్నవారు అన్న గడిలో మొదటిసారి తన పేరు రాసుకుని వెర్నియర్ కాలిపర్ ఇంటికి తెచ్చింది. తేడా ఒకటిన్నర మిల్లీమీటరు. బుధవారం భోజనాల వేళ, ల్యాబ్ మూల బల్లకి ఉన్న వైస్ దవడల మధ్య వాషర్లు ఒక్కొక్కటీ బిగించి, మందపు అంచు మీద కూర్చునే సగాన్ని ఆకురాయితో అరగదీయడం మొదలుపెట్టింది. స్క్రూ గేజితో కొలవడం, అరగదీయడం, మళ్ళీ కొలవడం. ముందు సున్నా దోషం చూసుకుంది. టిఫిన్ డబ్బా తెరవనే లేదు. గుమ్మంలోంచి ఆ లెక్చరరు తొంగి చూశాడు.

"ఏంటండీ అది?"

"వాషరండీ."

"దేనికి?"

"నా కారుకి."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అందులో ఉన్న రుచి ఆమెకి తెలియలేదు. ఇంకెవరైనా వచ్చి అడిగితే బాగుండుననిపించింది.

గురువారం సాయంత్రం ఆరు వాషర్లూ ఒక్కొక్కటే మార్చింది. నడుమ నుంచి అంచులకి, కొంచెం కొంచెంగా, వంతులవారీగా బిగించింది. అన్నం ముద్దలు పిల్లలందరికీ సమానంగా పెట్టినట్టు. తాళం తిప్పింది.

వీరదుర్గ పిట్టగోడ మీద కూర్చుని చూస్తోంది. ఇంజను అందుకుంది. అరవలేదు, ఆగిపోలేదు. ఒకే శ్రుతిలో, మెత్తగా, తనలో తను ఏదో చెప్పుకుంటున్నట్టు ఆడుతోంది. ఒక నిమిషం, రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు.

"అది నవ్వుతున్నట్టుందక్కా," అంది వీరదుర్గ.

"ఎక్కు."

"ఎక్కడికి?"

"మీ ఇంటికి. రోజూ నువ్వే కదా మా ఇంటికి వస్తావు."

వీరదుర్గ తట్ట పట్టుకుని వెనక తలుపు దగ్గరికి వెళ్ళింది. హెప్సిబా ముందు తలుపు తెరిచింది. బ్రేకులు పిచ్చేశ్వరరావు ముందే చూసిపెట్టాడు. టైర్లలో గాలి ఉంది. క్లచ్చి మీద కాలు పెట్టగానే ముప్పై ఏళ్ళు ఎక్కడికో పోయాయి. మొదటి మలుపులో ఒక ఆటోవాడు బెదిరి పక్కకి తప్పుకున్నాడు. గిలకలదిండి రోడ్డెక్కాక ఉప్పుగాలి అద్దాల్లోంచి దూసుకొచ్చింది. బండిని తినేసిన గాలే అది, ఇప్పుడు మాత్రం హాయిగా ఉంది. రేవు దగ్గర వలలు బాగుచేస్తున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు.

"ఏవే దుర్గా, డైవరమ్మని పెట్టావా?" అని ఒకామె అరిచింది.

"జీతం రొయ్యలే," అంది వీరదుర్గ, కిటికీ మీద మోచెయ్యి ఆనించి.

తిరిగి వచ్చేటప్పుడు ఒక్కతే. మెల్లగా వచ్చింది. ఎవరికీ ఏమీ అందించకుండా రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని గడిపిన ఆ పావుగంటలో ఆమె ఏదీ పెద్దగా ఆలోచించలేదు. ఇంటి సందు తిరిగేసరికి మాత్రం నిర్ణయం అయిపోయి ఉంది.

సుందరరాజు కారులో తల పెట్టి వాసన చూశాడు. "ప్రభువుకిచ్చే బండిలో చేపల తట్టలా?"

"ఆయన చుట్టూ ఉన్నది జాలరులేగా అండీ," అంది హెప్సిబా.

*

పాత బండి కింద రాత్రికి తెల్ల కాగితం పరచడం నాన్న అలవాటు. పొద్దున చూస్తే చమురు ఎక్కడ కారుతోందో చుక్కలు చెప్తాయి. శనివారం సాయంత్రం హెప్సిబా కాగితం కోసం చూసింది. ఫ్రిజ్ మీద ఉన్న ఫారం తీసింది. మంచి మందపు కాగితం. దాన్ని ఇంజను కింద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టింది.

ఆదివారం పొద్దున సుందరరాజు స్కూటరు తుడవడానికి వెళ్ళి కారు కింద దాన్ని చూశాడు. వంగి బయటికి లాగాడు. ఒక్క చుక్క లేదు. సంతకమూ లేదు. కాగితం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. హెప్సిబా వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉంది. చూస్తూనే ఇడ్లీ పాత్ర దించింది. ఒకవేళ సంఘం ముందు ఆయన బండి మీద చెయ్యి వేసి నాది అంటే, అక్కడే, నలుగురిలో, కాదు నాది అని చెప్పేస్తుంది. ఆ మాట రెండు రోజులుగా నోట్లో సిద్ధంగా ఉంది.

ఆయన ఇడ్లీ తిన్నాడు. స్కూటరెక్కి ముందే వెళ్ళిపోయాడు. ఆమె వెనకాలే కారులో వెళ్ళింది. వెనక సీట్లో పనిముట్ల సంచీ పక్కన పెరటి గుమ్మడికాయ దొర్లుతోంది.

ఆరాధన ముగిశాక చర్చి ఆవరణంతా సంత అయింది. అరటి గెలలు, కొత్త బియ్యం, కాళ్ళు కట్టిన పుంజులు. వేలం చూడ్డానికి వీరదుర్గ కూడా వచ్చి గేటు దగ్గర నిలబడింది. పాస్టరు జాన్సన్ గారు మైకు పట్టుకున్నారు.

"హెప్సిబా గారు."

ఆమె గుమ్మడికాయ మీద చెయ్యి వేసి, "ఇది నాది, ప్రభువుకి ఇస్తున్నాను," అంది.

"ఇప్పుడు సుందరరాజు గారు. ఈసారి విశేషమైన కానుక."

అందరి తలలూ కారు వైపు తిరిగాయి. సుందరరాజు నెమ్మదిగా నడిచి వెళ్ళి బానెట్ మీద చెయ్యి వేశాడు. వేసి, భార్య వంక చూశాడు. ఆమె తల ఊపలేదు, కళ్ళు దించుకోలేదు. ఆయన చూపుకి తన చూపు అందించి, అలాగే నిలబడింది.

"ఇది..." అన్నాడు. "ఇది మా ఆవిడదండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. జాన్సన్ గారు మైకు కొంచెం పక్కకి పెట్టి, "మరి మీదేదండీ?" అని మర్యాదగానే అడిగారు.

సుందరరాజు జేబులో చెయ్యి పెట్టాడు. బయటికి తీసేటప్పుడు ఆ చెయ్యి చాలా నెమ్మదిగా వచ్చింది. తాళం చెవి గొలుసు ఎండకి మెరిసింది. ఆవరణ దాటి, చింతచెట్టు నీడలో నిలబెట్టిన స్కూటరు దగ్గరికి నడిచి, దాని సీటు మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇది నాది," అన్నాడు. మిగతా సగం కాసేపటికి గానీ రాలేదు.

ఆ చప్పట్లలో హెప్సిబా చప్పట్లే అన్నిటికన్నా గట్టివి. ఆయనకి నిజంగానే నొప్పెట్టిందని ఆమెకి ఒక్కదానికే తెలుసు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయన ఇచ్చిన మాటని ఆయనే చెల్లించుకున్నాడు. ఆ మనిషి మీద ఉన్నట్టుండి ఇష్టం కలిగింది.

బంటుమిల్లి నుంచి వచ్చిన చుట్టమొకాయన స్కూటరు పాడుకుని వెళ్ళిపోయాడు. జనం పల్చబడ్డారు. సుందరరాజు చేతిలో పసుపుపచ్చ గుడ్డ ఒక్కటే మిగిలింది. దాన్ని పట్టుకుని కారు వెనక తలుపు దగ్గరికి వచ్చి ఆగాడు.

"ముందు కూర్చోండి," అంది హెప్సిబా. "ఆగండి, ముందొక పనుంది."

కొత్తగా బిగించిన నట్లని ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్ళీ చూసుకోవాలి. ఆమె బానెట్ ఎత్తి, కొంగు దోపుకుని, లోపలికి వంగింది. మూడో నట్టు మీద వేలు పెట్టి, తల ఎత్తకుండానే చెయ్యి వెనక్కి చాపింది.

"హాఫ్ ఇంచి."

వెనక సంచీలో ఇనుము గలగలలాడింది. ఆయన ఒకటి తీసి అరచేతిలో పెట్టాడు. బరువుని బట్టే తెలిసింది, అది కాదు. తిరిగి ఇచ్చేసింది. ఇంకోటి పెట్టాడు. అదీ కాదు.

"దాని మీద రాసుంటుంది, చూడండి," అంది హెప్సిబా. తొందరేమీ లేదు. చెయ్యి అలాగే చాపి ఉంచింది.